కళాకారుల స్పర్థ, చారిత్రక కల్పన: లేపాక్షి గోడల ముందు ఒక పరిశీలన

లేపాక్షి వీరభద్రాలయానికి వచ్చే యాత్రికులు ఎక్కువసేపు నిలబడే చోటు చిత్రాలున్న నాట్యమండపం కాదు. అసంపూర్ణంగా మిగిలిపోయిన కల్యాణమండపం దగ్గర ఒక గోడ ఉన్నది. దానిమీద రెండు ఎర్రని మరకలున్నాయి. ఆ మరకలను చూపి విరూపణ్ణ కథ చెబుతారు. విరూపణ్ణ విజయనగర ప్రభువుల కింద పెనుకొండలో కోశాధికారి. రాజుగారి అనుమతి లేకుండా బొక్కసం సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడని గిట్టనివారు చాడీలు చెప్పగా, కండ్లు తీయించమని ఆజ్ఞ అయినదట. భటులు వచ్చేలోగా విరూపణ్ణ తన కండ్లు తానే పెరికి గోడకు విసిరికొట్టాడట. ఆ మరకలు ఆ నెత్తురేనని జనుల నమ్మకం.

గత వేసవిలో ఈ వ్యాసకర్త అక్కడ ఉన్నప్పుడు ఒక ముసలాయన తన మనుమడికి ఈ కథే చెబుతున్నాడు. కథంతా విని ఆ పిల్లవాడు, "మరి పైన బొమ్మలేసింది ఎవరు తాతా?" అని అడిగినాడు. "పనోళ్లు నాయనా, వాళ్ల పేర్లు ఎవరికి తెలుసు?" అన్నాడు తాత. పిల్లవాడు మళ్లీ మరకల వైపు తిరిగినాడు. వాడు అడిగినది చిన్న ప్రశ్న కాదు. బొమ్మలు వేసినవారి కథ మనకు లేదు. గుడి కట్టించినవాడి కండ్ల కథ మాత్రం ఊరూరా ఉన్నది. కళాకారులను గురించి చెప్పే చారిత్రక కథలన్నింటిలో ఈ లోపమే కనిపిస్తుంది. అవి పనిని వదలి గాయాన్ని పట్టుకొంటాయి. ఇద్దరు గొప్పవారు ఒకేచోట ఉంటే వారి మధ్య పగ కల్పిస్తాయి. ఒకరి కన్నో, చెయ్యో, ప్రాణమో పోయేదాకా వాటికి తృప్తి ఉండదు. ఇట్లా ఎందుకు జరుగుతున్నది, ఇందువల్ల మనం పోగొట్టుకొంటున్నది ఏమిటి అనేదే ఈ వ్యాసంలో విచారించదలచిన విషయం.

ముందుగా కాలాన్ని గుర్తుచేసుకొందాము. లేపాక్షి నిర్మాణం అచ్యుతదేవరాయల కాలం నాటిది. ఆయన పాలన 1529 నుంచి 1542 వరకు. ఆలయానికి సంబంధించిన దానశాసనాలు 1530ల నాటివి. సరిగ్గా ఆ సంవత్సరాలలోనే, 1536 నుంచి 1541 వరకు, మైకలాంజెలో రోములోని సిస్టైన్ ప్రార్థనాలయం గోడమీద అంతిమ తీర్పును చిత్రిస్తున్నాడు. హిరాతులో పేరుపొంది తబ్రీజు చేరిన పారశీక చిత్రకారుడు బిహ్‌జాద్ మరణం 1535 ప్రాంతంలో. ఐరోపావారు పునరుజ్జీవన యుగమని పిలుచుకొన్నది తమ కాలాన్నే అయినా, రంగులకు, గోడలకు, పోషకులకు అది సర్వత్రా గొప్పకాలమే. అందులో ఒక భాగం ఈ వర్షాభావపు పీఠభూమి మీద, హిందూపురానికి కొద్దిమైళ్ల దూరంలో ఒక తాబేలు వీపులాంటి గుట్టమీద జరిగినది. 2022 వరకు అనంతపురం జిల్లాలోనిదైన ఈ గ్రామం ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. జిల్లా మారినా నేల మారలేదు. చుట్టూ ఎర్రనేల, వేరుశనగ చేలు, నీటికోసం ఎదురుచూసే చెరువులు.

ఈ నేలను దృష్టిలో పెట్టుకొంటేగాని విరూపణ్ణ కథకు న్యాయం జరగదు. శాసనాలు దానాలను చెబుతాయి. ఈ శిక్షను చెప్పవు. కాబట్టి ఇది చరిత్ర కాదని కొట్టివేయడం సులభం. కాని జనం ఒక కథను ఇన్ని తరాలు మోసుకొచ్చారంటే దానిలో వారికి కావలసిన ప్రశ్న ఏదో ఉండాలి. వాన కురవని సీమలో బొక్కసం సొమ్ము అంటే రైతు చెమట. ఆ సొమ్ముతో చెరువు తవ్వించాలా, స్తంభాలు చెక్కించాలా? చెక్కిస్తే ఎవరిని అడిగి చెక్కించాలి? ఐతిహ్యం ఈ లెక్క అడుగుతున్నది. లెక్కకు జవాబుగా ఒక మనిషి కండ్లు చెల్లించాడని చెప్పి, గుడి అందాన్ని నిర్దోషం చేస్తున్నది. ఇది మొరటు కథ కాదు. ఒక నైతిక విచారణ. అయితే ఈ విచారణలో చిత్రకారుడికి చోటు లేదు. సొమ్ము ఇచ్చినవాడు, సొమ్ము అడిగినవాడు, చాడీ చెప్పినవాడు ఉన్నారు. కుంచె పట్టినవాడు లేడు.

పొరుగున ఉన్న తుమకూరు సీమలో మరొక కథ పుట్టినది. కైదాళ గ్రామానికి చెందిన జక్కణాచారి బేలూరులో విగ్రహం చెక్కుతుండగా, ఎక్కడినుంచో వచ్చిన ఒక యువశిల్పి ఆ రాతిలో దోషం ఉన్నదన్నాడట. రుజువు చేస్తే చెయ్యి నరుక్కొంటానని జక్కణ్ణ పంతం. గంధం పూయగా ఒకచోట తడి ఆరలేదు. అక్కడ ఉలి వేయగా నీరూ, దానిలో బతికున్న కప్పా బయటపడినవి. జక్కణ్ణ చెయ్యి నరుక్కొన్న తరువాత తేలినదేమిటంటే ఆ యువకుడు తన కొడుకు డంకణుడేనని. బి. ఎస్. రంగా 1964లో తీసిన 'అమరశిల్పి జక్కన్న' ద్వారా ఈ కథ తెలుగునాట ఇంటింటికీ చేరినది. అక్కినేని నాగేశ్వరరావు నటన, రంగులు, పాటలు దానిని మరపురానిదిగా చేసినవి. స్పర్థ ఎంత దగ్గరివారి మధ్య పుడుతుందో, తనను మించినవాడు తన నెత్తురే కావచ్చునని ఆ కథ చెప్పడం గొప్ప విషయమే.

కాని బేలూరు రాళ్లు చెప్పేది వేరు. 1117లో ప్రతిష్ఠ జరిగిన ఆ చెన్నకేశవాలయంలో శిల్పులు తమ పేర్లు తామే చెక్కుకొన్నారు. బళ్లిగావె దాసోజు, అతడి కొడుకు చావణ వంటివారి సంతకాలు అక్కడ ఉన్నాయి. జక్కణ్ణ సంతకం లేదు. ఇంకా గమనించదగినదేమిటంటే, ఆ సంతకాలతోపాటు బిరుదులున్నాయి. ప్రత్యర్థి శిల్పుల గర్వమణచువారమని చాటుకొనే బిరుదులవి. అంటే స్పర్థ ఉన్నది, బాహాటంగా ఉన్నది, కాస్త డాంబికంగా కూడా ఉన్నది. అయితే ఆ ప్రత్యర్థి ఎక్కడున్నాడు? నాలుగు బారల దూరంలో అదే చూరు కింద మరొక బొమ్మ చెక్కుతున్నాడు. ఒకే గుడికి ఇద్దరూ కావాలి. తండ్రి పేరూ కొడుకు పేరూ ఒకే ఆలయంలో నిలిచిన నిజానికి బదులు, తండ్రి చెయ్యి నరికిన కొడుకు కథను మనం ఎన్నుకొన్నాము. నిజంకంటె కల్పన పెద్దదైతే అభ్యంతరం లేదు. ఇక్కడ కల్పన నిజంకంటె చిన్నది. అదే దాని దోషం.

ఈ రోగం మనకే పరిమితం కాదు. ఇటలీ కళాకారుల జీవితాలను మొదట గ్రంథస్థం చేసిన వసారి తన పుస్తకాన్ని 1550లో ప్రచురించి, 1568లో విస్తరించాడు. అందులో ఆండ్రియా దెల్ కాస్తాన్యో అనే చిత్రకారుడు తన సహచరుడు దొమెనికో వెనెజియానో దగ్గర తైలవర్ణాల రహస్యం తెలుసుకొని, అసూయతో అతడిని చీకట్లో పొంచి ఉండి చంపాడని వ్రాశాడు. మూడువందల ఏండ్లు లోకం ఆ మాట నమ్మినది. 19వ శతాబ్దిలో పాతపత్రాలు తీసి చూడగా తేలినదేమిటి? కాస్తాన్యో 1457లో మహమ్మారి తగిలి చనిపోయాడు. అతడు చంపాడన్న దొమెనికో ఆ తరువాత నాలుగేండ్లు జీవించి 1461లో మరణించాడు. చచ్చినవాడు బతికున్నవాడిని హత్య చేశాడన్నమాట! అయినా ఆ నింద కాస్తాన్యో చిత్రాల మీద పడకపోలేదు. అతడి రేఖలలోని కాఠిన్యంలో హంతకుడి స్వభావాన్ని చూచినవారున్నారు. కథ కల్పితమే, కాని దానివల్ల కలిగిన అన్యాయం కల్పితం కాదు.

ఫ్లారెన్సు సభామందిరంలో జరిగిన మరొక ఘట్టం నవలాకారులకు అక్షయపాత్ర వంటిది. 1503లో లియొనార్డోకు ఒక యుద్ధచిత్రం అప్పగించారు. మరుసటి ఏడు అదే మందిరంలో మరొక యుద్ధచిత్రం మైకలాంజెలోకు ఇచ్చారు. ఇద్దరిలో ఎవరూ పూర్తిచేయలేదు. ఆ గోడలమీద తరువాత చిత్రాలు వేసినవాడు వసారియే. ఈ ఇద్దరి వైరాన్ని గురించి నవలలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. వాటిలో వృద్ధుడి నాగరికత, యువకుడి మొరటుతనం, వీధిలో మాటామాటా అనుకోవడం బాగా పండుతాయి. కాని ఆ రోజులలో యువచిత్రకారులు ఇద్దరి నమూనాలనూ చూచి నకలు చేసుకొన్నారు. లియొనార్డో గుర్రాలనుంచి, మైకలాంజెలో దేహాలనుంచి ఒక తరం నేర్చుకొన్నది. రెండు బొమ్మలూ అసంపూర్ణమైనా వాటిమధ్య నిలిచి నేర్చుకొన్నవారి పని మిగిలినది. నవల ఆ నేర్చుకొన్నవాడిని కథానాయకుడిగా చేసుకోదు. అతడు ఎవరినీ తిట్టలేదు గనుక!

స్పర్థను చెప్పడానికి మరొక మార్గం లేదా? ఉన్నది. ఇస్లామీయ సాహిత్యంలో అది ఎనిమిది వందల ఏండ్లకు పైబడి నిలిచిన కథ. ఇమామ్ గజాలీ (మరణం 1111) తన 'ఇహ్యా'లో దానిని చెప్పాడు. నిజామీ సికందరు కథలో చెప్పాడు. మౌలానా రూమీ (మరణం 1273) 'మస్నవీ' మొదటి సంపుటంలో చెప్పాడు. రూము దేశపు చిత్రకారులకూ చీనా చిత్రకారులకూ పోటీ పెట్టారు. ఎదురెదురు గోడలు ఇచ్చి నడుమ తెర కట్టారు. ఒక పక్షం నానారంగులతో చిత్రాలు వేసినది. రెండవ పక్షం రంగు ముట్టలేదు. గోడను రుద్ది రుద్ది అద్దంలా మెరుగుపెట్టినది. తెర తీసేసరికి ఎదుటి చిత్రం ఈ గోడలో ప్రతిఫలించి మరింత శోభించినది. సూఫీలు దీనిని హృదయశుద్ధికి దృష్టాంతంగా చెప్పారు. ఆ అర్థం ప్రసిద్ధమే.

సాహిత్యవిమర్శకు పనికివచ్చే మరొక అంశం కూడా ఇందులో ఉన్నది. గజాలీ, నిజామీల కథలో మెరుగుపెట్టినవారు చీనావారు. రూమీ కథలో రూమువారు. పాత్రలు తారుమారైనా కథ చెడలేదు. ఏ జాతి గెలిచినదనేది ఈ కథకు ముఖ్యం కాదు. మెరుగుపెట్టినవాడి గోడలో ఎదుటివాడి బొమ్మ లేకపోతే ఏమీ లేదు, వట్టి గోడ. చిత్రించినవాడి బొమ్మకు కూడా ఎదుటిగోడ లేనిదే ఆ రెండవ శోభ లేదు. ప్రత్యర్థి లేకుండా గెలుపే లేదన్నది లోకోక్తి. ప్రత్యర్థి పని తన పనిలో కనిపించడమే గెలుపు అన్నది ఈ కథ. చారిత్రక నవలను తూచడానికి ఇంతకంటె మంచి తూనిక ఈ వ్యాసకర్తకు తెలియదు. నవలలోని ఇద్దరు కళాకారులలో ఒకరి గోడమీద రెండవవారు కనిపిస్తున్నారా? లేక నడుమ తెర చివరిదాకా అట్లాగే ఉన్నదా?

ఈ తూనికకు మన కాలంలో బాగా నిలిచినది ఓర్హాన్ పాముక్ నవల. 'నా పేరు ఎరుపు' అని అర్థమిచ్చే పేరుతో తుర్కీలో 1998లో వెలువడినది. రచయితకు 2006లో నోబెల్ బహుమతి వచ్చినది. కథాకాలం 1591, స్థలం ఇస్తాంబుల్. సుల్తాను ఒక రహస్య గ్రంథం తయారుచేయిస్తున్నాడు. అందులో వెనిసు చిత్రకారుల పద్ధతి చొప్పించాలన్న ప్రయత్నం జరుగుతున్నది. బంగారుపని చేసే నక్కాషు ఒకడు హత్య అయ్యాడు. హంతకుడు ముగ్గురు సహచర నక్కాషులలో ఒకడు. అతడు గీసిన గుర్రం ముక్కుపుటాలలోని ఒక విశేషమే అతడిని పట్టిస్తుంది. తనదంటూ ముద్ర ఉండరాదని నేర్చుకొన్న చేతిలో, తెలియకుండానే మిగిలిపోయిన ముద్ర అది. ఇంత సూక్ష్మంగా పనిలోనుంచి మనిషిని చూపిన నవలలు అరుదు. ఇందులో కథానాయకుడి చెయ్యి కథ అవసరానికి కదలదు. కథే చెయ్యి వెంట నడుస్తుంది.

పెద్ద నక్కాషు ఉస్తాద్ ఉస్మాన్ సుల్తాను ఖజానాలో ప్రాచీన చిత్రాలను తనివితీరా చూచి, బిహ్‌జాద్ తనను అంధుడిగా చేసుకొన్నాడని చెప్పే సూదితోనే తన కండ్లు పొడుచుకొంటాడు. లేపాక్షి మరకలు చూచినవారికి ఈ ఘట్టం దగ్గర ఒళ్లు జలదరిస్తుంది. అయితే భేదం ఉన్నది. విరూపణ్ణ కథలో కండ్లు పోవడం శిక్ష. ఉస్మాన్‌కు అది శిక్ష కాదు. తాను ప్రేమించిన పద్ధతిని దాటి మరొకటి చూడరాదన్న నిశ్చయం. కన్ను మూస్తే తెర శాశ్వతమౌతుంది. పాముక్ దానిని మహత్తుగానే చిత్రించినా, అందులోని మొండితనాన్ని దాచలేదు.

ఈ నవలమీద ఒక్క అభ్యంతరం చెప్పాలి. ఇందులో పరాయి పద్ధతిని స్వీకరించడమంటే ఎవరికో ఒకరికి నెత్తురు కారవలసిందే. అరువు తెచ్చుకొన్న చూపు మనిషిని రెండుగా చీలుస్తుందన్న బాధ ప్రతి పుటలోనూ ఉన్నది. పెరిగిపోతున్న ఐరోపా బలం ముందు నిలిచిన సమాజానికి ఆ బాధ సహజమే. కాని 1480లో వెనిసునుంచి వచ్చిన జెంటిలే బెల్లీని విజేత సుల్తాను ముహమ్మదు రూపచిత్రం వేశాడు. 1502లో లియొనార్డో ఇస్తాంబులు ఖాతంమీద వంతెన కడతానని సుల్తాను బాయజీదుకు ఉత్తరం పంపాడు. మైకలాంజెలోను కూడా సుల్తాను ఆ పనికే పిలిచాడని వసారి వ్రాశాడు. ఈ చివరి అంశం ఆధారంగా ఫ్రెంచి రచయిత మాథియాస్ ఎనార్ 2010లో ఒక చిన్న నవల వ్రాశాడు; అతడి మైకలాంజెలో ఇస్తాంబులుకు నిజంగానే వెళతాడు, అక్కడి కట్టడాలు చూచి నేర్చుకొంటాడు. చరిత్రలో వెళ్లలేదు. ఈ కల్పన అబద్ధమే అయినా తెర తీసే అబద్ధం. అందుకే దానిని మన్నించవచ్చు.

ఇక మన తెలుగు వినోదాల దగ్గరకు వద్దాము. విజయనగర కళాకారుల స్పర్థ అంటే మనకు వెంటనే స్ఫురించేది అష్టదిగ్గజాలు. 'భువనవిజయం' రూపకంలో పండితులు కవుల వేషాలు కట్టి సభ చేయని పట్టణం తెలుగుదేశంలో లేదంటే అతిశయోక్తి కాదు. బి. ఎస్. రంగాయే 1956లో తీసిన 'తెనాలి రామకృష్ణ' నేటికీ ఆదరణ పొందుతున్నది. ఈ కథలలో కవులు ఒకరినొకరు ఎకసెక్కెమాడుకొంటారు, సమస్యలు విసురుకొంటారు, చివరకు నవ్వుకొంటారు. ఇది ఆరోగ్యకరం. కాని లోపలి స్పర్థ ఇంత చల్లగా సాగడానికి కథకులు ఒక ఉపాయం చేశారు. పగనంతా బయటికి నెట్టారు. ఆ చిత్రంలో రాయలకు ముప్పు తెచ్చే నర్తకి దక్కను సుల్తానులు పంపిన గూఢచారిణి. తెర ఈసారి కవులమధ్య కాదు, రాజ్యాలమధ్య కట్టబడినది. ఇవతల కళ, అవతల కుట్ర.

లేపాక్షి పైకప్పు ఈ తెరను ఒప్పుకోదు. తల పైకెత్తి చూడండి. పురాణకథలు చెప్పే ఆ చిత్రాలలో నిలిచిన రాజపురుషుల తలలమీద పొడుగాటి టోపీ ఉన్నది. దానిపేరు కుల్లాయి. పారశీకంలోని 'కులాహ్' అనే మాటే అది. ఒంటిమీద నిలువు అంగీ ఉన్నది. దానిని కబాయి అనేవారు, అరబ్బీ 'ఖబా'నుంచి వచ్చిన మాట. అచ్యుతరాయల కాలంలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ ఆ టోపీని ఆ పేరుతోనే పేర్కొన్నాడు. తిరుమలలో కృష్ణదేవరాయల లోహవిగ్రహం తలమీద ఉన్నదీ ఆ కుల్లాయే. అంతకు నూరేండ్లు ముందే, ఆ కొలువులో నిలబడాలంటే కుల్లాయి పెట్టక తప్పలేదని ఎత్తిపొడుస్తూ చెప్పిన చాటువొకటి శ్రీనాథుడి పేర ప్రచారంలో ఉన్నది. అంటే అది ఒక సుల్తాను బలవంతం చేసిన వేషం కాదు. నాగరికుడు సభకు కట్టుకొనే వేషం. చిత్రకారుడు దానిని శివపార్వతుల సన్నిధిలో ఏ సంకోచమూ లేకుండా చిత్రించాడు. పాముక్ నక్కాషుకు నెత్తురు కార్చిన సమస్య, మన నక్కాషుకు కుంచె తడపడమంత తేలికైనది.

ఆ తేలికదనం ఊరికే రాలేదు. రెండవ దేవరాయలు ముస్లిం విలుకాండ్రను కొలువులో చేర్చుకొని, వారు నమస్కరించేటందుకు సింహాసనం ముందు ఖురాను ఉంచేవాడని ఫిరిష్తా వ్రాశాడు. ఆయన కాలంలో, 1439లో, అహ్మద్ ఖాన్ అనే అధికారి విజయనగరంలో కట్టించిన మసీదును అక్కడి శాసనం ధర్మశాల అన్నది. గోలకొండ ఇబ్రహీం కుతుబ్‌షా రాజు కాకముందు ఏడేండ్లు విజయనగరంలో తలదాచుకొన్నాడు. తరువాత అద్దంకి గంగాధరకవి 'తపతీసంవరణోపాఖ్యానం' ఆయనకు అంకితమిచ్చాడు. ఆయన కొలువువాడైన అమీన్‌ఖానుకు పొన్నెగంటి తెలగన అచ్చతెలుగు 'యయాతి చరిత్ర' అంకితమిచ్చాడు. పెనుకొండలో గగనమహలు కమానులు చూచినవారికి ఏది ఎవరి పద్ధతో విడదీయడం సాధ్యం కాదు. ఆ ఊరిలోనే బాబయ్య దర్గాకు ఇప్పటికీ అన్ని మతాలవారూ వస్తారు.

ఇంతమాత్రాన పగ లేనేలేదని చెప్పడం కూడా చరిత్రకు ద్రోహమే. విజయనగరంలో ఉప్పు తిన్న ఆ ఇబ్రహీమే 1565లో మిగిలిన సుల్తానులతో కలిసి యుద్ధానికి వచ్చాడు. రామరాయలు హతుడయ్యాడు, నగరం పాడైనది. రాజధాని పెనుకొండకు తరలినది. ఈ నిజాన్ని మరుగుపరచి, అందరూ అన్నదమ్ములని మురిపించే నవల వస్తే అదీ ఎందుకూ పనికిరానిదే. మన రచయితలు చేయవలసినది రెండింటినీ ఒకే మనిషిలో చూపడం. తెలుగు కావ్యాన్ని ప్రేమించిన చేతితోనే ఇబ్రహీం కత్తి పట్టాడు. ఆ చెయ్యి ఎట్లా వణికినదో, వణకలేదో ఊహించడమే చారిత్రక నవల పని. దుర్మార్గుడైన సుల్తానును, ధర్మమూర్తి అయిన రాయలను చెరొకవైపు నిలబెట్టడానికి నవల అక్కరలేదు; గోడపత్రిక చాలును.

అటువంటి స్పర్థకు నమూనా మన కావ్యాలలోనే ఉన్నది. పింగళి సూరన 'రాఘవపాండవీయం' వ్రాసి, ఒకే పద్యంలో రామకథనూ భారతకథనూ నడిపించాడు. భట్టుమూర్తి నలుడి కథనూ హరిశ్చంద్రుడి కథనూ కలిపి మరొక ద్వ్యర్థికావ్యం చేశాడు. అదే భట్టుమూర్తి 'వసుచరిత్ర'ను, యుద్ధం తరువాత పెనుకొండనుంచి ఏలిన తిరుమలదేవరాయలకు అంకితమిచ్చాడు. ఆ కావ్యం చదివినవారికి పెద్దన 'మనుచరిత్ర' గుర్తుకు రాక మానదు. ఒక కావ్యాన్ని ఎదుర్కొనడానికి మరొక కావ్యం. ఎవరి కన్నూ పోలేదు. కాని ఒకరి గోడలో మరొకరు కనిపిస్తున్నారు. ఈ కవులందరూ ఒకే రాయల సభలో ఒకేరోజు కూర్చున్నారని చెప్పే 'భువనవిజయం' కాలదోషాన్ని క్షమించవచ్చు. తరాలమధ్య సాగిన ఈ సంభాషణను ఒక పూట హాస్యగోష్ఠిగా కుదించడం క్షమించడం కష్టం.

ఎవరైనా లేపాక్షి చిత్రకారులమీద నవల వ్రాయబూనితే వారికి పేర్లు దొరకవు. విరూపణ్ణ, అతడి సోదరుడు వీరణ్ణ కప్పుమీద భక్తులై నిలిచి ఉన్నారు. వారిని నిలిపినవారు కనిపించరు. పేర్లు లేనందున పగలు కల్పించే ప్రలోభం మరీ ఎక్కువ. ఒక ముఠా నాయకుడు, ఇంకొక ముఠా నాయకుడు, నడుమ ఒక దేవదాసి; కథ దానంతటదే కదులుతుంది. ఆ ప్రలోభాన్ని నిగ్రహించుకొని, పని దగ్గరనుంచి మొదలుపెట్టమని మనవి. సున్నం పూత ఆరకముందే గీత పూర్తికావాలన్న ఆత్రం, చుట్టుపక్కల మట్టిలోనుంచే వచ్చిన ఎరుపూ పసుపూ, వెల్లకిలా పడుకొని వేయడంవల్ల కండ్లలో పడే రంగు. కన్ను పోవడానికి రాజాజ్ఞ అక్కరలేదు. కొన్నేండ్ల కప్పుపని చాలును. అవతలి కొసన మరొకడు ఒక చీర అంచు వేస్తాడు. అది చూచి ఇవతలివాడికి రాత్రి నిద్రపట్టదు. మరునాడు తన బొమ్మకు అంతకు మించిన అంచు వేస్తాడు. లేపాక్షి స్త్రీమూర్తుల చీరలలో ఒకదాన్ని పోలిన అంచు మరొకదానికి లేకపోవడం చూచినవారు ఈ ఊహను కాదనలేరు. ఆ ఏడు వాన రాదు. కూలి ధాన్యం తగ్గుతుంది. పైకప్పుమీద పెండ్లివిందు, కింద గంజి. ఆ లెక్క అడిగే రైతు కూడా నవలలో ఉండాలి; ఎందుకంటే విరూపణ్ణ కథను పుట్టించినది అతడే.

ఆనాడు ఆ ముసలాయన మనుమణ్ణి వెంటబెట్టుకొని నాట్యమండపం మీదుగానే బయటికి నడిచాడు. పిల్లవాడు ఒకచోట ఆగి, తల వెనక్కి వాల్చి, "తాతా, వాళ్లు టోపీలు పెట్టుకున్నారు" అన్నాడు. తాత కూడా ఆగి చూచినాడు. ఎన్నిసార్లు వచ్చినాడో గాని, ఆ టోపీలను మాత్రం మొదటిసారి చూచినట్టున్నది.